సీతమ్మకు దప్పి అయింది

మా ఇంట్లో పాత పెళ్ళి పత్రికలూ, కరెంటు బిల్లులూ దాచే అలమరా అడుగున ఒక గుడ్డసంచి ఉంది. దాని నిండా స్థలపురాణాలే. మహానందివి మూడు, యాగంటివి రెండు, అహోబిలానివి ఎన్నో లెక్కలేదు. ఏ గుడికి వెళ్ళినా కుంకుమ పొట్లం, చేతికి కట్టే తాడు, పిల్లలకో ఆటవస్తువు, వాటితోపాటు ఒక స్థలపురాణం కొనడం మనకు ఆచారం. ఇంటికొచ్చాక కుంకుమ భరిణెలో చేరుతుంది, తాడు చేతికెక్కుతుంది, ఆటవస్తువు మర్నాటికి విరుగుతుంది. పుస్తకం మాత్రం సంచిలోకి పోతుంది. ఎవరూ చదవరు. పారేద్దామంటే దేవుడి బొమ్మ ఉంది, చేతులు రావు.

నేను చదువుతాను. అచ్చులో ఏది కనబడినా చదవకుండా వదలలేని జబ్బు నాది. బజ్జీలు కట్టిచ్చిన కాగితం కూడా నూనె మరక పక్కకి తప్పించి చదివేదాన్ని. అలా ఆ సంచి మొత్తం చదివేశాక నాకొక సందేహం వచ్చింది. నవల వస్తే సమీక్ష రాస్తారు, కవిత్వం వస్తే రాస్తారు, సినిమా వస్తే సరేసరి. ఇన్ని ఇళ్ళలో ఇన్ని సంచుల్లో ఉన్న ఈ పుస్తకాల మంచిచెడ్డలు మనమెందుకు మాట్లాడుకోం? దేవుడి గురించి రాసిన పుస్తకాన్ని విమర్శిస్తే దేవుణ్ణి విమర్శించినట్టని భయం కాబోలు. దేవుడు వేరు, రాసినాయన వేరు అని నేను ధైర్యం చెప్పుకున్నాను. ఆ ధైర్యం నాకెక్కడ వచ్చిందో చెబుతాను.

శివరాత్రి వెళ్ళిన తరువాతి ఆదివారం నంద్యాల నుంచి ఒంటిమిట్టకు కారులో బయలుదేరాం. పొద్దున్నే వెళ్ళి రాత్రికి తిరిగి రావాలని ఏర్పాటు. మా ఆయన స్టీరింగు ముందు, అబ్బాయి ఆయన పక్కన. వెనక సీట్లో మా అత్తమ్మ, నేను, మా అమ్మాయి. మా ముగ్గురి కాళ్ళ దగ్గర చిత్రాన్నం డబ్బా, ఓళిగల డబ్బా, పెరుగన్నం, వేయించిన బుడ్డలు, టెంకాయలు, అరటిపళ్ళు. అత్తమ్మ ఒళ్ళో ఆమె మరచెంబు. ఇంట్లో ఎన్ని ప్లాస్టిక్ సీసాలున్నా ఆ ఇత్తడి మరచెంబు లేకుండా ఆవిడ ఊరు దాటదు.

నంద్యాల దాటాక కొంతదూరం దారి బాగుంటుంది. ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోపాటు నడుస్తున్నట్టే ఉంటాయి. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించిన కర్నూలు కడప కాలువ పుణ్యమా అని పొలాలు పచ్చగానే కనిపిస్తాయి. రాయలసీమ అంటే రాళ్ళే అనుకునేవాళ్ళు ఈ దారిన వస్తే ఆశ్చర్యపోతారు. కానీ కాలువ కనుచూపు దాటిందంటే రంగు మారిపోతుంది. మైదుకూరు దాటి చెన్నూరు దగ్గర పెన్న వంతెన ఎక్కేసరికి, కింద నది ఉండవలసిన చోట ఇసుక ఉంది. మా అబ్బాయి కిటికీలోంచి చూసి, "ఇంత పొడుగు వంతెన ఎందుకు కట్టారు నాన్నా?" అన్నాడు. "వచ్చినప్పుడు వస్తుందిరా," అన్నారాయన, ఊరికి రాని చుట్టం గురించి చెప్పినట్టు.

ఈ లోపల కారులో ఏం జరుగుతోందో మీకు చెప్పాలి. ముందు సీట్లో ఇద్దరూ ఆళ్ళగడ్డ రాకముందే చెరో సీసా నీళ్ళు ఖాళీ చేశారు. ఎండ మరి. దారిలో రెండుసార్లు కారు ఆపుకుని, రోడ్డు దిగి, కంపచెట్ల చాటుకు వెళ్ళొచ్చారు. వెనక సీట్లో ముగ్గురం ఒక్క గుక్క తాగలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ముందు మాట్లాడుకోనూ లేదు. బయలుదేరే ముందు కాఫీ కూడా నేను సగం గ్లాసే తాగాను, అత్తమ్మ అదీ తాగలేదు. పదహారేళ్ళ మా అమ్మాయికి ఈ విద్య ఎవరు నేర్పారో గాని అదీ మాలాగే పెదవులు తడుపుకుంటూ కూర్చుంది. ఎందుకో మీకు వివరించనక్కర్లేదు. కారులో తీర్థయాత్ర చేసిన ఏ ఆడదాన్నయినా అడగండి. మధ్యలో ఒక ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర ఆపితే బాత్రూముకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడట. అప్పటికింకా పదిన్నర కూడా కాలేదు.

పోయినేడు అత్తమ్మకు నడుంనొప్పీ జ్వరమూ వచ్చి, మూత్రంలో చీము పడిందని తేలింది. డాక్టరమ్మ మందులు రాసి, "రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారు పెద్దమ్మా?" అని అడిగింది. ఈవిడ, "ఇంట్లో ఉంటే బాగానే తాగుతానమ్మా," అంది. ఆ జవాబులో ఉన్న సంగతి డాక్టరమ్మకు వెంటనే అర్థమైంది. పక్కనే నిలబడ్డ ఆవిడ కొడుక్కి ఈ రోజు వరకూ కాలేదు.

సరే, ఒంటిమిట్ట చేరాం. కోదండరామస్వామి గుడి గోపురం దూరాన్నుంచే కనిపిస్తుంది. 1652లో గండికోటకు వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ గుడిని చూసి, దేశంలోని గొప్ప గుళ్ళలో ఒకటని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. లోపల మండపంలో యాళి బొమ్మల స్తంభాలు. పైకి లేచిన ఆ జంతువుల నోళ్ళలో మా అబ్బాయి చిన్నప్పుడు చెయ్యి పెట్టి భయపడ్డ సంగతి అందరికీ మరోసారి చెప్పాను. గర్భగుడిలో సీత, రాముడు, లక్ష్మణుడు ఒకే రాతిలో ఉంటారు. అందుకే ఏకశిలానగరమని పేరు. హనుమంతుడు మాత్రం వాళ్ళతో లేడు. ఆంజనేయస్వామికి గుడి బయట వేరే గుడి ఉంది. రాముడికి ఇంకా హనుమంతుడు పరిచయం కాని రోజులవి అంటారు.

ఈ మాట అందరూ చెప్పుకునేదే. ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. హనుమంతుడు లేని రామాలయం అని వింతగా చెప్పి ఊరుకుంటారు. కానీ కథ తెలిసినవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. హనుమంతుడు ఇంకా రాలేదంటే ఏమిటి అర్థం? సీతమ్మను ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదని. ఇది ఎడబాటుకు ముందు కట్టిన గుడి. అశోకవనం లేదు, అగ్నిప్రవేశం లేదు, రెండోసారి అడవి లేదు. భార్యాభర్తా మరిదీ ముగ్గురూ కలిసి నడిచిన రోజులు. ఆమె ఏమైనా అంటే అతనికి వినిపించేంత దగ్గరగా ఉన్న రోజులు.

దర్శనం అయ్యాక మండపంలో చల్లని బండలమీద కూర్చున్నాం. అలవాటు ప్రకారం బయట బండిమీద కొన్న స్థలపురాణం తీశాను. ఎవరు వేశారో పేరు లేని చిన్న పుస్తకం. అట్టమీద రంగుల బొమ్మ బాగుంది. భాష ఎలా ఉందంటారా? ఆ భాష మీకు తెలుసు. కరుణాసముద్రుడు, భక్తజనమందారుడు, ఆశ్రితకల్పవృక్షము. ఒక్కొక్క విశేషణం రథంలాగా మెల్లిగా వస్తుంది, వాక్యం దాని వెనక తాడు పట్టుకుని నడుస్తుంది. చివరికి క్రియ వచ్చేసరికి ఎవరు ఏం చేశారో మరచిపోతాం.

ఆ పుస్తకంలో రామతీర్థం కథ అరవాక్యం. సీతాదేవికి పిపాస కలగడం, రాముడు బాణం వేయడం, పాతాళగంగ రావడం, అన్నీ ఆ అరవాక్యంలోనే అయిపోయాయి. మిగిలిన పేజీ అంతా ఆ తీర్థంలో స్నానం చేస్తే పోయే పాపాల జాబితా. అది చాలా పొడుగుంది. అందులో నేను చెయ్యని పాపాలు కూడా కొన్ని ఉన్నాయి.

నేను పైకి చదువుతుంటే మా అమ్మాయి, "పిపాస అంటే?" అంది. నేను చెప్పేలోపలే అత్తమ్మ అందుకుంది.

"దప్పి. దప్పికి అంత పెద్ద పేరేందో! ఇను పాపా, నేను చెప్తా. అడివిలో ముగ్గురూ పోతాండారు. ముందర రాముడు, నడమ సీతమ్మ, ఎనక లచ్చుమయ్య. ఎండ. మన ఎండే, ఇంగొకరి ఎండ గాదు. రాముడు ఎనక్కి చూడకుండా నడుస్తానే ఉండాడు. సీతమ్మ నాలుగడుగులు ఓర్చుకునింది. ఎనిమిదడుగులు ఓర్చుకునింది. ఇంగ ఓర్చుకోలేక నిలబడిపోయింది. నాకు దప్పి అయితాంది, ఇంగ నడవలేను అనింది. అంతే. రాముడు ఇంకొంచెం దూరమే అన్లేదు. ముందే చెప్పకూడదా అన్లేదు. ఆడనే బాణమేసినాడు. నీళ్ళు పైకొచ్చినాయి. ఆయమ్మ తాగినాక వాళ్ళిద్దరూ తాగినారు. ఇప్పుడు ఊరు తాగుతాంది."

ఇదీ కథ చెప్పడమంటే! ఇందులో ఒక్క విశేషణం లేదు. నాలుగడుగులు, ఎనిమిదడుగులు అన్న రెండు మాటలతో ఆవిడ ఆ ఎండనీ, ఆ నడకనీ, ఆ మొహమాటాన్నీ చెప్పేసింది. "ఇంకొంచెం దూరమే అన్లేదు" అన్న వాక్యం రాయడానికి నాకైతే పది పేజీలు పట్టేది. మన కడప సీమ మనిషేనని చాలామంది చెప్పుకునే మొల్ల కూడా, వినగానే అర్థం కాని మాటలతో కావ్యం రాస్తే అది మూగ చెవిటి ముచ్చటేనన్న అర్థం వచ్చేలా తన రామాయణం మొదట్లోనే చెప్పుకుంది. బద్వేలు దగ్గరి గోపవరమే ఆమె ఊరని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆ లెక్కన మా అత్తమ్మ మొల్లకు వారసురాలు. స్థలపురాణం రాసినాయన ఎవరికి వారసుడో నేను చెప్పలేను.

మా అమ్మాయి ఊరుకోలేదు. "మరి నువ్వు పొద్దున్నించీ తాగలేదు కదా జేజీ! నువ్వెందుకు నిలబడలేదు?" అంది.

అత్తమ్మ మరచెంబు మూత తిప్పి, తీసి, మళ్ళీ బిగించింది.

"సీతమ్మది అడివి, పాపా. మనది రోడ్డు," అంది.

మేమంతా నవ్వాం. నవ్వాక ఎవరమూ మాట్లాడలేదు.

అప్పుడు ఆ పుస్తకం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఈసారి విశేషణాలు తీసేసి చదివాను. చదివితే తెలిసింది, ఒంటిమిట్ట కథలన్నీ ఒకే కథ. పుస్తకంలో వేరు వేరు శీర్షికల కింద చెదిరిపోయాయి గాని, కలిపి చూస్తే ఎముక ఒకటే.

ఇక్కడ రాములవారి కల్యాణం మిగతా ఊళ్ళలోలాగా పగలు కాదు, రాత్రి వెన్నెట్లో జరుగుతుంది. ఎందుకంటే, పగటి పూట పెళ్ళి చేసుకుంటే నేను చూసేదెలా అని చంద్రుడు అడిగాడట. సరే నీకోసం రాత్రి చేసుకుంటానని స్వామి మాటిచ్చాడట. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోయాక, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టువస్త్రాలు తెచ్చేది ఈ కల్యాణానికే. లక్షలకొద్దీ జనం ఆ వెన్నెట్లో కూర్చుంటారు. వాళ్ళందరూ అక్కడ కూర్చున్నది, నాకు కనబడడం లేదు అని ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగినందుకు.

ఇంకొకటి. గుడి దగ్గరే ఇమాంబేగ్ బావి ఉంది. 1640 నాటి మాట అంటారు. ఇమాంబేగ్ అనే నవాబు గారి ఉద్యోగి గుడికి వచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు రాముణ్ణి పిలిస్తే లోపల్నుంచి మూడుసార్లు ఓ, ఓ అని వినబడిందట. ఆ పలుకు విన్న మనిషి ఏం చేశాడో చూడండి. కిరీటం చేయించలేదు, గోపురానికి బంగారు పూత పూయించలేదు. స్వామివారి అవసరాలకు బావి తవ్వించాడు. ఆయన ఈ నేల మనిషి. దేవుడు పలికితే తిరిగి ఏమివ్వాలో ఆయనకు తెలుసు.

మూడోది కథ కాదు, నిన్నమొన్నటి చరిత్ర. వావిలికొలను సుబ్బారావుగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్రవాల్మీకి అనిపించుకున్నవాడు. ఈ గుడి పాడుబడుతుంటే చూడలేక, చదువూ బిరుదూ పక్కన పెట్టి, టెంకాయచిప్ప చేతపట్టుకుని ఊరూరా తిరిగి భిక్షమెత్తి డబ్బు పోగుచేశారు. ఆ చిప్పమీద ఒక శతకం కూడా రాశారు. అంత పండితుడికి అడగడంలో నామోషీ లేకపోయింది.

సీతమ్మ నీళ్ళడిగింది, చంద్రుడు చూపు అడిగాడు, ఇమాంబేగ్ పలుకు అడిగాడు, పండితులు చిప్ప పట్టుకుని అడిగారు. నాలుగింటిలోనూ మొదట ఎవరో ఒకరు తమకు లేనిది ఏమిటో సిగ్గుపడకుండా పైకి చెప్పారు. తరువాతే ఏదైనా జరిగింది. నా మట్టుకు ఈ గుడి స్థలపురాణమంటే ఇదే. ఆ చిన్న పుస్తకంలో ఇది మొత్తం ఉంది, కానీ రాసినాయన కంటికి కనబడలేదు. ఆయనకు అడిగినవాళ్ళకంటే ఇచ్చినవాడి మీదే చూపు. దాంతో ఇచ్చినవాడి గొప్పతనం కూడా తేలిపోయింది. దప్పి ఎంతటిదో చెప్పనివాడు నీళ్ళ రుచి ఎలా చెబుతాడండీ?

ఇంటికొచ్చాక సంచి బోర్లించి మిగిలినవీ ఇదే కంటితో చూశాను. పుష్పగిరి కథలో చెరువులో అమృతం చుక్క పడుతుంది. యాగంటిలో కోనేటి నీళ్ళు నంది నోట్లోంచి వస్తాయి. మహానందిలో ఊట నీళ్ళు కోనేరు దాటి రెండువేల ఎకరాలకు పైగా పారతాయంటారు. కరువు సీమలో ఏ దేవుడి కథ తవ్వినా కింద తడి తగులుతుంది. చెప్పినవాళ్ళు దప్పిగొన్నవాళ్ళు కనక.

స్థలపురాణం అంటే ఇంతే, అది భక్తికోసం రాస్తారు, వివరాలు ఎక్కడ కుదురుతాయి అంటారా? కుదురుతాయి. మా కడప జిల్లాలోనే పోరుమామిళ్ళలో భైరవుడి గుడి ముందు రాతిపలకలమీద 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు తవ్వించి వేయించినది. సంస్కృత శ్లోకాలే, దేవతా ప్రార్థనలూ ఉన్నాయి, రాజుగారి పొగడ్తలూ ఉన్నాయి. కానీ అవి కాగానే కవి పనిలోకి దిగుతాడు. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు చెబుతాడు. వాటిలో ధర్మం తెలిసిన రాజు ఒకడు, నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఇంకొకడు. గట్టినేల కావాలి, తీపినీళ్ళ ఏరు కావాలి, పనిలో చెయ్యి తిరిగిన కూలీలు కావాలి. తరువాత ఆరు దోషాలు. కట్ట కారడం, నేల చవుడు కావడం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున పడడం, మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పట్టిందని లెక్క కూడా చెప్పాడు. ఆరువందల యాభై ఏళ్ళు దాటినా ఆ చెరువు ఉంది. 2021 నవంబరులో రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు నాకు ఆ ఆరు దోషాలూ గుర్తొచ్చాయి. దేవుణ్ణి తలుచుకుంటూనే కూలీలను లెక్కపెట్టవచ్చునని ఆ కవికి తెలుసు.

అలాగే ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి. 1830లో పరివారంతో కాశీకి బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే వెళ్ళారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయనకు భక్తి తక్కువేం కాదు. అయినా ఏ మజిలీలో దిగినా అక్కడ దారెలా ఉంది, నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా అని ముందు చూసి రాసిపెట్టారు. తన తరువాత వచ్చేవాళ్ళకు దాహం వేస్తుందని ఆయనకు గుర్తుంది. ఆ పుస్తకాన్ని నేటికీ చదవగలగడానికి అదే కారణమని నా అభిప్రాయం.

మండపంలో ఈ ఆలోచనల్లో కొన్ని పైకి అనేసరికి మా ఆయన, "పది రూపాయల పుస్తకం మీద ఇంత విమర్శా?" అన్నారు. న్యాయమైన మాటే. ఆ పది రూపాయల పుస్తకం లేకపోతే ఇమాంబేగ్ పేరు మా పిల్లలకు తెలిసేది కాదు. పెద్ద పెద్ద గ్రంథాలు మన ఇంటి గుమ్మం ఎక్కవు, ఇది ఎక్కింది. కథను పోగొట్టకుండా అరవాక్యంలోనైనా దాచిపెట్టింది. గింజను పొట్టులో దాచినట్టు. ఆ మేలు మరిచిపోతే విమర్శకు పుణ్యం ఉండదు. నేనడిగేది ఒక్కటే. వచ్చే ముద్రణలో పాపాల జాబితా కాస్త తగ్గించి, సీతమ్మ నడిచిన ఆ ఎనిమిది అడుగులకు చోటివ్వమని. వీలైతే చివరి పేజీలో, ఆడవాళ్ళ బాత్రూములు ఎక్కడున్నాయో, తాగేనీళ్ళు ఎక్కడ దొరుకుతాయో రెండు వరుసలు వేయమని. అది అపచారం కాదు సుమండీ. ఆ ఊరి మొట్టమొదటి కథ దానిగురించే.

తిరుగు ప్రయాణంలో కడప దాటేసరికి పొద్దు వాలింది. చాగలమర్రి వచ్చేసరికి చీకటి. ముందు సీట్లో సీసా మళ్ళీ గడగడమంటోంది. వెనక మేము ముగ్గురం మామూలుగానే కూర్చున్నాం. అప్పుడు అత్తమ్మ నోరు తెరిచింది.

"నాయనా, బండి ఆపు. నాకు దప్పి అయితాంది."

"చెంబు నీ ఒళ్ళోనే ఉంది కదమ్మా!"

"తాగితే ఆపాల్సొస్తాది. ఆపే చోటు చూడు, అప్పుడు తాగుతా."

ఆయనకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఇంకో గంటన్నరలో ఇంట్లో ఉంటాం," అన్నారు.

"సీతమ్మ అడిగితే రాముడు ఇంకో గంటన్నరలో అయోధ్య అన్నాడా?" అంది అత్తమ్మ.

కారులో ఎవరూ నవ్వలేదు. కొంచెం దూరం వెళ్ళాక వెలుతురున్న ఒక హోటలు ముందు ఆయన కారు ఆపారు. మమ్మల్ని దిగనివ్వకుండా ముందు తానే లోపలికి వెళ్ళి అడిగారు. ఇక్కడా తాళమే. కానీ ఈసారి తాళంచెవి చేత్తో పట్టుకుని బయటకు వచ్చారు. ఇరవయ్యేళ్ళ కాపురంలో నాకు ఆయన చాలా తెచ్చిచ్చారు గాని, దానంత విలువైనది తెచ్చిన గుర్తు లేదు.

అత్తమ్మ మరచెంబు ఎత్తి సగం తాగి నాకిచ్చింది. మిగిలింది నేనూ అమ్మాయీ తాగాం. పొద్దున పోసిన నీళ్ళు, ఇత్తడి వాసన, ఎండకు వెచ్చబడి ఉన్నాయి. ఇంటికొచ్చాక ఆ స్థలపురాణాన్ని సంచిలో వేయలేదు. రామతీర్థం కథ ఉన్న పేజీ పక్కన ఖాళీలో మా అత్తమ్మ చెప్పినదంతా పెన్సిలుతో రాసుకున్నాను. చోటు చాలక పాపాల జాబితా మీదుగా కూడా రాశాను. దోషమైతే ఆ జాబితాలో ఇంకొకటి కలుపుకుంటారు.